ఏడు కాట్ల గంట

మధూలికాపురంలోని నాదమండపానికి నూటెనిమిది స్తంభాలు. కప్పు నిండా పగడపు తీగలు, తీగల చివర ముత్యాల కుచ్చులు, కుచ్చుల కింద గొలుసులు లేకుండానే గాలిలో నిలిచిన వెండి దీపాలు. నేల అద్దంలా మెరుస్తూ, నడిచేవాడి మొహాన్ని వాడికున్న దానికంటే అందంగా చూపిస్తుంది. గాలి విసిరితే చాలు, స్తంభాలన్నీ తమలో తాము సన్నగా పాడుకుంటాయి. చూసినవాడికి నోట మాట రాదు. రాకూడదనే కట్టారు దాన్ని.

ఆ మండపం నడిమధ్య నిలబడి కంచరుల పెద్ద కొమ్మయ తన చేతిలోని గంటను ఒక్కసారి కొట్టాడు.

నాదం లేచింది. స్తంభం నుంచి స్తంభానికి దూకింది. పదకొండుసార్లు తిరిగి తిరిగి వచ్చి కొమ్మయ చెవిలో తేనె పోసింది. కరిగిన కంచు చేతిమీద పడ్డా కన్ను చెమర్చని డెబ్బై ఏళ్ళ మనిషి బొటబొటా ఏడ్చేశాడు.

"దొరికింది. మన చోటు దొరికింది" అన్నాడు.

కంచరులు కళ్ళను నమ్మరు, చెవులను నమ్ముతారు. రాయి మంచిదో కాదో కొట్టి వింటారు. కుండ కొనేముందు కొట్టి వింటారు. పెళ్ళి సంబంధానికి వెళ్ళినా ఆ ఇంటి గడపమీద వేలితో తట్టి వింటారు. అందుకే వాళ్ళ గంటలకు ఏడు రాజ్యాల్లో సాటి లేదు. వాళ్ళని మోసం చెయ్యాలంటే చెవి దగ్గరే చెయ్యాలని కనిపెట్టినవాడు ఆ రాజ్యపు మంత్రి మృదుహాసుడు. మంత్రీ అతడే, మాంత్రికుడూ అతడే. రాజు సింహాసనం మీద కూర్చుంటాడు, అంతవరకే.

కంచరులవి మూడువందల కుటుంబాలు. పోయిన వానాకాలంలో నది దారి మార్చుకుని వచ్చి వాళ్ళ ఊరిని మింగేసింది. మిగిలినవి పనిముట్లు, చేతులు, తల్లికుంపటి. ఏ తరంలోనో రాజేసిన నిప్పు అది. వాళ్ళ కొలుములన్నిటికీ అదే మూలం. చండ్రకర్ర తప్ప మరో కట్టె ముట్టదు. దాన్ని ఏ నేలమీద దించితే ఆ నేలమీద పన్నెండేళ్ళు ఉండాలి. ముందు కదిలిస్తే నిప్పు చస్తుంది. ఆరిపోతే మళ్ళీ రాజెయ్యడం ఏ మొనగాడి వల్లా కాదు.

రెండు రాజ్యాలు వాళ్ళని పిలిచాయి. శిలాకవాటం రాణి పంపిన కబురు మూడు ముక్కలు: "ఆరో పాలు పన్ను. కడితే రండి. లేకపోతే మానండి." మధూలికాపురం నుంచి మాత్రం పల్లకీ వచ్చింది, పళ్ళబుట్టలు వచ్చాయి, మేళం వచ్చింది, వాటి వెనకాల రాగిశాసనం వచ్చింది: "ఈ నేలపై పోసిన గంటకు పన్నెండేళ్ళపాటు రాజుగారి సుంకం ఒక్క పలం కూడా లేదు."

ఆరో పాలు ఎక్కడ, అసలు లేకపోవడం ఎక్కడ? చంటిపిల్ల కూడా లెక్క చెప్పగలదు. ఆ లెక్కకి తలూపనిది ఒక్కతే, కొమ్మయ మేనకోడలు మైలమ. ముప్పై ఏళ్ళ మనిషి. మూసలో కంచు పొంగే చప్పుడు విని తగరం ఎంత తగ్గిందో చెప్పగలదు. నాదమండపంలో అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె ఒక స్తంభాన్ని వేలితో తట్టి చూసి, మొహం చిట్లించింది.

"మామా, మన గంట ఎక్కడ అమ్ముతాం?" అంది.

"ఎక్కడేంటి? ఎప్పుడూ అమ్మే చోటే. ఉప్పుటేటి సంతలో."

"మరి ఇక్కడ మోగితే ఏం లాభం? సంతలో మోగాలి."

కొమ్మయకి కోపం వచ్చింది. "రాజుగారు సుంకమే వద్దంటుంటే నీకేం పుట్టిందే? ఆరో పాలు కడతావా పోయి, ఆ రాళ్ళ దేశంలో?"

"రాజుగారు వద్దన్నారు సరే. దారిలో ఉన్నవాళ్ళు ఏమంటారో అడిగావా?"

అడగలేదు. ఎవరూ అడగలేదు. మైలమ అప్పుడు జంటపోత అడిగింది. కొత్త అచ్చుని నమ్మే ముందు కంచరులు ఒకే మూసలోని కంచుతో రెండు గంటలు పోస్తారు, రెంటినీ రెండు రకాలుగా వాడి చూస్తారు. అచ్చుకి చేసే పరీక్షే నేలకి చేద్దామంది. జంటలో ఒకటి తను మధూలికాపురం దారిన సంతకి మోసుకుపోతుంది. రెండోది గాడిదల బేతన్న శిలాకవాటం దారిన తీసుకొస్తాడు. సంతలో రెంటినీ పక్కపక్కన పెట్టి కొడతారు.

కొమ్మయ కుంపట్లోకి తొంగి చూశాడు. "మూడోరోజు మధ్యాహ్నానికి ఉన్న చండ్రబొగ్గు అయిపోతుంది. నీ కోసం నిప్పుని చంపుకోను. అప్పటికి వచ్చావా, వింటాను. రాలేదా, ఇక్కడే దించేస్తాను."

సంతకే రెండు రోజుల నడకని తెలిసినా "వస్తాను" అంది మైలమ. ఆ రాత్రే కొమ్మయ జంట పోశాడు.

కంచరుల దూత అని తెలిస్తే పన్నీరు చల్లి పంపిస్తారు. అతిథికి కనపడే దారి వేరు, సరుకుతో పోయేవాడికి కనపడే దారి వేరు. అందుకని ఆమె తలకి పాగా చుట్టింది, మేకవెంట్రుకల మీసం తుమ్మజిగురుతో అంటించుకుంది, శాసనం నకలు నడుముకి కట్టుకుంది, నూటఇరవై పలాల గంటను భుజాన వేసుకుంది. మైలమ పోయి మైలారు శెట్టి అయింది.

ఉత్తరద్వారం దగ్గరే మొదటి సుంకరి ఎదురయ్యాడు. బక్కపల్చటి మనిషి, మర్యాదస్తుడు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"శెట్టిగారూ, దయచేయండి. మజ్జిగ తాగుతారా?"

"వద్దు బాబూ. ఇదిగో శాసనం."

వాడు శాసనాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. చదివాడు. మళ్ళీ కళ్ళకద్దుకున్నాడు. తర్వాత ఉలి తీశాడు.

"ఇదేంటయ్యా? సుంకం లేదని ఉందిగా!"

"రాజుగారి సుంకం లేదండీ. ఇది నగరానిది. గోడ మరమ్మతుకి." టంగుమని గంట అంచున ఒక ముక్క తుంచాడు. నిజం చెప్పాలి, పని చాలా శుభ్రంగా చేశాడు. తుంచిన చోట అరచేత్తో రుద్ది, రజను కూడా ఊది, "క్షేమంగా వెళ్ళి రండి" అన్నాడు.

మొదటి కాటు.

పక్క ఊళ్ళో, గంట పుట్టిన కొలిమి పొగ తమ ఊరిమీదుగా పోతుందని ఊరిపెద్దలు రెండో ముక్క తుంచారు. వంతెన దగ్గర మూడోది. ఆ వంతెన సగంలోనే ఆగిపోయింది. కిందకి దిగి మొలలోతు నీళ్ళలో నడిచి దాటాలి. "ఇదేం వంతెనరా?" అని మైలమ మగగొంతు పెట్టి అరిస్తే, "పూర్తి చెయ్యడానికేగా శెట్టీ తీసుకుంటుంది! ముత్తాతల నాటినుంచి తీసుకుంటున్నాం" అన్నాడు సుంకరి, నొచ్చుకుంటూ.

నాలుగోది ఇంకా బాగుంది. అక్కడొక త్రాసు, త్రాసు వెనకాల పెద్ద బొజ్జ.

"గంట తుయ్యాలి. ఇప్పటిదాకా ఎంత తుంచారో తేలాలి కదా."

"తేలితే?"

"తేల్చినందుకు నాకు ఒక ముక్క."

"ఎక్కువ తుంచారని తేలితే తిరిగిస్తారా?"

బొజ్జ నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. చాలా రోజులకి మంచి పరిహాసం విన్నట్టు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

మోదుగపూల అడవి మొదలైంది. కొమ్మకొమ్మా అగ్గిపూలతో మండుతోంది, కింద నేలంతా ఎర్రటి తివాచీ, పైన రామచిలుకల గుంపులు పచ్చటి వానలా కురిసి లేస్తున్నాయి. ఆ అందం కళ్ళనిండా చూద్దామని మైలమ ఒక చెట్టుకింద ఆగిందో లేదో, పొదలోంచి చెయ్యి బయటికొచ్చింది. నీడ సుంకం. అడవివాళ్ళది. అయిదో కాటు.

ఎవడూ కొట్టలేదు. ఎవడూ తిట్టలేదు. దొంగలు పడి దోచుకుంటే మైలమ సుత్తితో సమాధానం చెప్పేది. వీళ్ళు దోచేవాళ్ళు కారు. ఒక్కొక్కడూ చిటికెడే తీసుకుంటాడు, పైగా దణ్ణం పెట్టి తీసుకుంటాడు. ఎవడి మీద చెయ్యెత్తాలో తెలీకుండా చెయ్యడంలోనే ఉంది మృదుహాసుడి మాయంతా. అయినా ఆమె అడుగు ఆగలేదు. కాటు కాటుకీ ఎవరు తుంచారు, ఏం పేరు చెప్పి తుంచారు అని గుర్తుపెట్టుకుంటూ రెండు పగళ్ళు నడిచింది.

మూడోరోజు పొద్దు పొడుస్తుండగా ఏటి ఒడ్డున ఉన్న కనుమ చేరింది. అటు పక్క ఏరు, ఏటికి అవతల సంత. నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంది. అంతలో కొండ గర్జించింది.

"ఎవడ్రా అదీ!"

గుహలోంచి రాక్షసుడు దూకాడు. నిప్పుకణికల్లాంటి కళ్ళు, గునపాల్లాంటి కోరలు, నాగలికర్రుల్లాంటి గోళ్ళు. అన్నీ భయంకరంగానే ఉన్నాయి. మనిషి మాత్రం మైలమ కంటే రెండు మూరలే ఎత్తు. తాటిచెట్టుకి ఉండాల్సిన మొహం వేపమొక్కకి తగిలించినట్టుంది.

"నేను గుటకాసురుణ్ణి! గంట అటివ్వు, కొరుక్కోవాలి."

"శాసనం..."

"ఏదీ, చూపించు." వాడూ కళ్ళకద్దుకున్నాడు. "అబ్బ, మంచి శాసనం. రాజుగారు కొరకరు. నేను కొరుకుతాను. ఈ కనుమ నా కౌలు."

కరకరమని కొరికాడు. గంట ఒంట్లో ఏదో చిట్లిన చప్పుడు మైలమ ఒక్కదానికే వినపడింది. నమిలి నమిలి వాడు తృప్తిగా తుమ్మాడు. ఆ తుమ్ముకి మేకవెంట్రుకల మీసం ఎగిరి మోదుగపువ్వు మీద వాలింది.

"ఓయ్! శెట్టి కాదు, పిల్లవి!" గుటకాసురుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీసానికి సుంకం కట్టలేక ఊడబెరికావా?"

మైలమ కూడా నవ్వేసింది. "నీదేం పోయింది? రాక్షసుడివి కదా, ఇంతేనా ఎత్తు?"

నవ్వు ఠక్కున ఆగింది. వాడు బండమీద చతికిలపడ్డాడు.

"తాటిచెట్టంత ఉండేవాణ్ణి తల్లీ. ఈ కనుమ కౌలు ఏడాదికి రెండు బారల పొడుగు. మంత్రికి కట్టాలి. ఏడేళ్ళు కట్టాను. ఇదిగో, ఇలా అయ్యాను."

"అంత కౌలుకి ఎందుకు ఒప్పుకున్నావయ్యా?"

"కంచరులొస్తున్నారు అన్నాడు! మూడువందల కొలుములు, రోజుకి వంద గంటలు ఈ దారిన పోతాయి, కొరికినంత కంచు నీది అన్నాడు. అడవివాళ్ళకీ అదే చెప్పాడు. వంతెనవాడికీ అదే. అందరి దగ్గరా ముందే దండుకున్నాడు."

మైలమ వేళ్ళు గంటమీద బిగుసుకున్నాయి. "ఏడేళ్ళ కిందటా?"

"ఏడేళ్ళ కిందటే."

"మా ఊరిని నది మింగింది పోయిన వానాకాలంలో. అప్పటిదాకా మేం కదులుతామని మాకే తెలీదు. ఆయనకెలా తెలిసింది?"

గుటకాసురుడు తల గోక్కున్నాడు. మైలమకి అర్థమైంది. నది దానంతటది దారి మార్చుకోలేదు. దారి మార్చినవాడున్నాడు. ఏడుపు పెట్టుకునే పూట కాదది. మధ్యాహ్నానికి నిప్పు దిగిపోతుంది.

"చూడు గుటకయ్యా. మిగిలిన అయిదు మూరలతో ఇంకో ఏడాది కౌలు కట్టు. చీమంత కూడా మిగలవు. కట్టకపోతే ఈ గొడవ మంత్రికీ నీకూ. తేల్చుకోవాలనుంటే నేను సంత నుంచి తిరిగొచ్చేదాకా ఆలోచించు. పరుగెత్తగలవా?"

"పొడుగు పోయింది గానీ పరుగు పోలేదు" అన్నాడు వాడు రోషంగా.

పడవవాడు ఏడో ముక్క తుంచాడు. ఏరు దాటించినందుకు వేరే తీసుకున్నాడు, ఏటి అలల మీద ఆ పక్క ఊరికి హక్కు ఉందని ఈ ముక్క. మైలమ అదీ గుర్తుపెట్టుకుంది.

సంత ఏ రాజుదీ కాదు. పన్నెండు దీవుల ఓడలు, ఇరవై భాషల కేకలు, మిరియాల ఘాటు, ఎండుచేపల కంపు, పట్టుబేళ్ళ మెరుపు, నెత్తిమీద బుట్టలతో జనం, బుట్టల మీద కాకులు. దీవుల వర్తకురాలు ఒకతె మైలమ గంటను అందుకుని వేలితో కొట్టింది.

టప్పు.

"ఇదేంటమ్మా, మూకుడా? అట్లు పోసుకోవడానికైనా పనికిరాదు, అంచంతా ఎలకలు కొరికినట్టుంది" అని తిరిగిచ్చేసింది.

త్రాసులో వేస్తే ఎనభై రెండు పలాలు తూగింది. నూటఇరవైలో ముప్పై ఎనిమిది పోయాయి. ఎనభై రెండైనా మిగిలాయి అనుకోవడానికి గంటేమీ చింతపండు కాదు. గొంతు పోయిన గంటలో మిగిలేది బరువే.

"మైలమక్కా! మీసం ఏదీ? నాకంటే బాగా మొలిచిందని కుళ్ళుకుంటున్నాను!"

గాడిదల బేతన్న. పక్కనే అతని గాడిద సుందరి, దాని వీపుమీద జంటపోతలో రెండో గంట. ఆ గంట ఒంటిమీద గీత కూడా లేదు. వేలాడదీసే కొక్కెం దగ్గర చిన్న ముద్ర మాత్రం ఉంది.

"పన్ను కట్టలేదా?" అంది మైలమ.

"కట్టకుండా వదుల్తారా ఆ రాళ్ళ మొహాలు? సరిహద్దు దగ్గర ఒక ముసల్ది కూర్చుంది. రా అనలేదు, కూర్చో అనలేదు. గంట తూచింది. 'ఆరో పాలు, ఇరవై పలాలు' అంది. ఉలి తెస్తుందనుకున్నా. 'గంటని ముట్టుకుంటే గంట ఎక్కడుంటుందిరా వెధవా, ముద్ద కంచులో ఇవ్వు' అని నన్నే తిట్టింది. ఇచ్చాను. చిటికెడు ఎక్కువ తూగితే ఆ చిటికెడూ వెనక్కిచ్చింది. ముద్ర కొట్టింది. అంతే."

"దారిలో?"

"ఒక ఊరి పెద్ద చెయ్యి చాచాడు. ముద్ర పడ్డ సరుకు మీద చెయ్యి వేసినందుకు రాణిగారి భటులు వాడి చేతే సుందరి మూటలు అరకోసు మోయించారు. సుందరి జన్మలో అంత హాయిగా నడవలేదక్కా." బేతన్న తల గీరుకున్నాడు. "కానీ ఉన్నది చెప్పాలి. నీళ్ళు ముప్పై బారల లోతున ఉన్నాయి. ఎటు చూసినా రాళ్ళే. ఒక్కడి నోట మంచిమాట రాదు. ఊళ్ళకి వేరే పన్ను లేదా అంటే, ఆ ఆరో పాలులోంచే రాణి ఊళ్ళకి పంచుతుందట. వంతెనలు మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఉన్నాయి."

మైలమ రెండో గంటను కొట్టింది. సంతంతా ఒక్క క్షణం తలెత్తింది. కాకులు లేచిపోయాయి. ఆ దీవుల వర్తకురాలు పరుగున వచ్చి, "ఇలాంటివి ఎన్నున్నాయి? అన్నీ నాకే!" అని కొంగు చాచింది.

"అగ్గి దిగాక చెప్తానమ్మా" అని మైలమ పొద్దు చూసింది. సూర్యుడు ఓడల తెరచాపలు దాటి పైకొచ్చేశాడు. రెండు రోజుల నడక. ఉన్నది ఒక్క పూట.

అవతలి ఒడ్డున గుటకాసురుడు బండమీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆలోచించడం అయిపోయినట్టుంది.

పడవ ఒడ్డుకి తగలగానే వాడు వంగాడు. మైలమ ఒక భుజమెక్కింది. బేతన్న రెండో భుజమెక్కాడు గానీ సుందరిని వదిలి రానన్నాడు. "గాడిదని మొయ్యడానికి నేనేం గాడిదననుకున్నావా?" అని గుటకాసురుడు గొణిగి, దాన్ని చంకన పెట్టుకున్నాడు.

అక్కణ్ణించి పరుగు కాదది, సుడిగాలి! మోదుగలు ఎర్రటి గీత అయ్యాయి. నీడ సుంకం చేతులు పొదలోంచి బయటికి వచ్చేలోపు అడవి వెనకపడింది. త్రాసు బొజ్జ లేచి నిలబడేసరికి బొజ్జమీద త్రాసు బోర్లాపడింది. సగం వంతెనను ఒక్క దూకులో దాటుతుంటే "సుంకం!" అని కింద ఎవడో అరిచాడు. "పూర్తయ్యాక!" అని బేతన్న పైనుంచి అరిచాడు.

ఉత్తరద్వారం మూసి ఉంది. లోపల డప్పులు, నగారాలు, కొమ్ముబూరలు. గుటకాసురుడు గోడవైపు చూసి నిట్టూర్చాడు. "మునుపైతే ఒక్క అడుగు." మైలమ రెండు గంటలూ భుజాన వేసుకుని, వాడి తలమీద నిలబడి కోటగోడ అంచు పట్టుకుని పైకి పాకింది.

కింద మైదానంలో పువ్వుల పందిరి, పందిట్లో కొత్త పొయ్యి. చుట్టూ మూడువందల కుటుంబాలు. రాజు పక్కనే మృదుహాసుడు, వెన్నెల లాంటి నవ్వుతో. కొమ్మయ రెండు చేతుల్లో తల్లికుంపటి. వంగుతున్నాడు. ఇంకో జానెడు వంగితే పన్నెండేళ్ళు.

"మామా! ఆగు!"

డప్పుల్లో ఆ కేక ఎవరికి వినపడుతుంది? మైలమ భుజాన ఉన్న కాట్ల గంట తీసి సుత్తితో కొట్టింది.

టప్పు.

వంద డప్పుల మధ్య మోగే గంట మనకి వినపడకపోవచ్చు. చచ్చిన గంట కంచరికి వినపడకుండా పోదు. మూడువందల కుటుంబాల తలలు ఒక్కసారి గోడవైపు తిరిగాయి. కొమ్మయ చేతులు ఉన్నచోటే బిగుసుకుపోయాయి. ఆమె రెండో గంట కొట్టింది. ఆ నాదం మైదానం మీద పరుచుకుంది. డప్పులవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆగిపోయారు.

"రెండూ ఒకే మూసలోవి" అన్నాడు కొమ్మయ. "నా పోత. దాన్నెవరు చంపారు?"

మైలమ గోడమెట్లు దిగి వచ్చి ఆ గంటను మామ ముందు పెట్టింది. ఒక్కో కాటు మీద వేలు పెట్టి పేరు చెప్పింది. గోడ మరమ్మతు, పొగ, వంతెన, తూకం, నీడ, కనుమ, అల.

మృదుహాసుడి నవ్వు చెదరలేదు. "తల్లీ, వీటిలో రాజుగారి కాటు ఒక్కటి చూపించు."

"లేదు మంత్రిగారూ. ఒక్కటీ లేదు. శాసనంలో అక్షరం అబద్ధం లేదు." మైలమ రాజువైపు తిరిగింది. "మీరు నోరు కట్టుకున్నారు మహారాజా. మీ నోటికి బదులు ఏడు నోళ్ళు దారిమీద కూర్చోబెట్టారు. ఆరో పాలు తీసుకునే రాణి దగ్గర గంట బతికింది. ఏమీ తీసుకోని రాజు దగ్గర చచ్చింది."

"నా పొడుగు నాకిచ్చెయ్!" గోడ అవతలి నుంచి గుటకాసురుడు గర్జించాడు. "ఏడేళ్ళ కిందటే కంచరులొస్తారని చెప్పి తీసుకున్నావు!"

ఆ మాట మైదానం మీద పిడుగులా పడింది. వరదలో ఇళ్ళు పోయినవాళ్ళు వాళ్ళు, మనుషులు పోయినవాళ్ళు వాళ్ళు. విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. కొమ్మయ కుంపటిని గుండెకి హత్తుకుని లేచాడు.

"మండపాన్ని విన్నానే అమ్మాయీ. గంటని వినలేదు" అన్నాడు.

అప్పుడు పోయింది మృదుహాసుడి నవ్వు. దాని వెనక ఉన్న మొహాన్ని ఆ రాజ్యంలో ఎవరూ అంతకుముందు చూడలేదు. కళ్ళలోంచి నల్లటి పొగ సన్నగా కారింది.

"ద్వారాలు తెరవొద్దు! కుంపట్లో బొగ్గు ఎంతుంది కొమ్మయా? గడియకి వస్తుందా? శిలాకవాటం సరిహద్దు పూట దూరం. ఇక్కడ దించుతావా, బూడిద మోసుకుపోతావా?"

నిజమే. కుంపట్లో ఎరుపు మసకబారుతోంది. మైలమ తన సుత్తి తీసుకుంది. తాతనాటి సుత్తి అది, ఆమె అరచేతి గుంటలు దాని పిడిమీద పడి ఉన్నాయి. మోకాలికి ఆనించి పిడిని ఫెళ్ళున విరిచింది, కుంపట్లో వేసింది.

"ఏయ్! బొగ్గు కాదే అది!"

"చండ్రకర్ర అవునా కాదా మామా?"

నిప్పు పిడిని వాసన చూసినట్టు ఒకసారి ముడుచుకుని, తర్వాత నాలుక చాచి అందుకుంది. భగ్గుమంది.

పనివాడికి పిడంటే ఏమిటో పనివాడికే తెలుసు. ముందుగా ఒక ముసలమ్మ తన ఆకురాయి పిడి విరిచింది. ఆమె కోడలు విరిచింది. ఆపైన మైదానమంతా ఫెళఫెళలే. మూడువందల ఇళ్ళ సుత్తులు, ఆకురాళ్ళు, గరిటెలు తమ చండ్రపిడులు పోగొట్టుకున్నాయి. పుల్లలు ఒళ్ళో పోసుకుని, కుంపటిని నడుమ పెట్టుకుని, కంచరులు ఉత్తరద్వారం వైపు నడిచారు. భటులు ఈటెలు ఎత్తారు. ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే వెనక్కి జరిగారు. అంత నిబ్బరంగా నడిచే జనాన్ని వాళ్ళు ఎన్నడూ చూడలేదు మరి.

ద్వారం దగ్గర ఆ బక్కపల్చటి సుంకరి ఉన్నాడు. అలవాటు కొద్దీ లేచి నమస్కారం పెట్టాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు.

మైలమ చచ్చిన గంటను ఆ చేతిలో పెట్టింది.

"అంతా నువ్వే ఉంచుకో బాబూ. ఇందులో మీ అందరి వాటా ఉంది."

వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచు చుట్టూ ఏడు గాట్లు. మొదటిది చాలా శుభ్రంగా, రజను ఊది, అరచేత్తో రుద్దిన గాటు. వాడు వేలితో గంటను తట్టాడు. ఆ చప్పుడు విని ఉలి కింద పడేశాడు.

వెనకాల మైదానం మీద మృదుహాసుడి నల్లపొగ గొడుగులా లేచి సూర్యుణ్ణి కప్పేస్తోంది. గోడ అవతల గుటకాసురుడు తలుపుకి భుజం ఆనించి "తియ్యండ్రా!" అని అరుస్తున్నాడు. సుంకరి ఒక్కసారి మంత్రి వైపు చూశాడు, ఒక్కసారి కుంపటి వైపు చూశాడు, రెండు చేతులా గడియ పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు.